నీలం బండి ఎందుకు ఆగింది: చెన్నైలో ఒక రోలర్ కోస్టర్ కేస్ స్టడీ

మే మొదటి వారం, మధ్యాహ్నం ఒంటిగంట పది. వర్క్‌షాపులో పెరుగన్నం డబ్బా మూత తీశానో లేదో, బయట చప్పుడు ఆగిపోయింది. రోలర్ కోస్టర్ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసినవాడికి చప్పుడు కంటే అది ఆగడమే గట్టిగా వినిపిస్తుంది. బండి లిఫ్ట్, అంటే చైన్ దాన్ని పైకి లాగే ఏటవాలు, ఎక్కేటప్పుడు టకటకమంటుంది కదా, అది చైన్ చప్పుడనుకుంటారు చాలామంది. కాదు. బండి కింద ఉన్న కొక్కెం, పట్టా పక్కనున్న పళ్ళ పట్టీ మీద ఒక్కో పన్నూ దాటుతూ చేసే శబ్దం. చైన్ తెగినా బండి వెనక్కి జారకుండా ఆ కొక్కెమే పట్టుకుంటుంది. ఆ టకటక సగంలో ఆగింది. రేడియోలో ఆపరేటర్ అమ్మాయి గొంతు: "సార్, లిఫ్ట్ ఆగింది. బ్లాక్ టైమ్ అవుట్ అని వస్తోంది."

పార్కు పేరు రాయను. చెన్నై శివార్లలో, సముద్రం గాలి తగిలేంత దూరంలో ఉందంటే చాలు. మా కోస్టర్ ఉక్కు పైపు పట్టా మీద నడిచేది, ఎత్తు 38 మీటర్లు. ప్రపంచంలో పెద్దవాటి పక్కన ఇది పిల్లకాకి. అమెరికాలోని న్యూజెర్సీలో కింగ్డా కా అనేది 139 మీటర్లు ఉండేది, 2025 ఫిబ్రవరిలో దాన్ని కూల్చేశారు. కానీ 38 మీటర్ల మీద నిలబడి కిందకి చూస్తే 139తో పోల్చుకోవాలని ఎవరికీ అనిపించదు.

మాకు రెండు బండ్లు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం, ఒక్కోదాంట్లో 20 సీట్లు. ఎర్ర బండి లిఫ్ట్ దాటి కిందకి దూకగానే నీలం బండి స్టేషన్ నుంచి బయల్దేరుతుంది. మొదటి దూకుడు అడుగున వేగం గంటకు 90 కిలోమీటర్ల దాకా వస్తుంది. తర్వాత ఒక పక్కకి ఒరిగే మలుపు, ఆ తర్వాత ఇంకో గుట్ట. దాన్ని మేం మూపురం అంటాం, ఒంటె మూపురం లాగే ఉంటుంది. అది దిగాక మధ్య బ్రేకు. లిఫ్ట్ కొస నుంచి మధ్య బ్రేకు దాకా బండికి మామూలుగా 27 నుంచి 28 సెకన్లు పడుతుంది. 30 దాటినా మధ్య బ్రేకు సెన్సార్ దగ్గరికి రాకపోతే, బండి దారిలో ఎక్కడో చిక్కుకుందని కంట్రోల్ సిస్టమ్ అనుకుంటుంది. వెంటనే లిఫ్ట్ ఆపేస్తుంది. అప్పటికి వెనక బండి లిఫ్ట్ మీద సగం దాటి ఉంటుంది.

ఆ రోజు అలా ఆగింది నీలం బండి. అందులో 14 మంది. ఎర్ర బండి అప్పటికే మధ్య బ్రేకు మీద క్షేమంగా కూర్చుని ఉంది.

మా రూలు ప్రకారం, కారణం తెలియకుండా పది నిమిషాలు దాటితే జనాన్ని మెట్ల మీదుగా దించాలి. లిఫ్ట్ పక్కనే ఇనప మెట్లు, రెయిలింగు ఉంటాయి. నేను, ఇంకో ఇద్దరు బెల్టులు తగిలించుకుని పైకెక్కాం. 25 మీటర్ల ఎత్తు, మే నెల ఎండ, రెయిలింగు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఒడి మీది బార్‌ని ఒక్కో వరసకీ విడిగా, చేత్తో విడిపించాలి. అందరివీ ఒక్కసారి తెరిస్తే ఎవరో ఒకరు తొందరపడి లేస్తారు. ఒకరిని మెట్ల మీదికి చేర్చి, బెల్టు తగిలించి, ఆ తర్వాతే ఇంకొకరు. అంతా దిగడానికి నలభై నిమిషాలు పట్టింది.

చివరి వరసలో ఒక పెద్దాయన, పక్కన మనవడు. నా టోపీ మీద పేరు చూశాడో, నేను పనివాళ్ళతో మాట్లాడే అరవంలో మా యాస పసిగట్టాడో గానీ, సూటిగా తెలుగులోనే మొదలుపెట్టాడు.

"ఏంది నాయనా ఇది, సగం ఎక్కించి ఆపేస్తిరి?"

"బండి బాగానే ఉంది పెద్దాయనా. ముందు పోయిన బండి ఇంకా చేరలేదనుకుని ఇది ఆగింది."

ఆయన కాసేపు పట్టా వంక చూశాడు. "అంటే మా గూడూరు అవుటర్‌లో రైలు నిలబెట్టినట్టా? ప్లాట్‌ఫారం ఖాళీ కాలేదని?"

అంతకంటే బాగా నేను ఏ ట్రెయినింగులోనూ చెప్పలేకపోయాను. దారిని బ్లాకులనే భాగాలుగా విడగొట్టే ఈ బ్లాక్ సిస్టమ్ వచ్చిందే రైల్వేల నుంచి. ఒక బ్లాకులో ఒకే బండి, ముందుది ఖాళీ చేస్తేనే వెనకది లోపలికి. గూడూరు అవుటర్‌లో అరగంట కూర్చున్న ప్రయాణికుడు రైలు ఇంజన్ పాడైందనుకోడు, ముందు ఏదో అడ్డం ఉందనుకుంటాడు. మేం చేసిన తప్పంతా ఆ పెద్దాయనకి ఉన్న ఆ ఇంగితం మాకు లేకపోవడమే. ఆ సంగతి తెలియడానికి రెండు వారాలు పట్టింది.

తప్పు చోట వెతుకులాట

నీలం బండి ఆగింది కాబట్టి నీలం బండిని విప్పాం. కొక్కేలు, చైన్ పట్టుకునే పళ్ళు, చక్రాల బేరింగులు అన్నీ చూశాం. ఏమీ లేదు. తర్వాత మధ్య బ్రేకు దగ్గరి ప్రాక్సిమిటీ సెన్సార్ మార్చాం. సముద్రం దగ్గర కనెక్టర్లలో ఉప్పు పేరుకోవడం మాకు కొత్త కాదు, అందుకే అది నమ్మబుద్ధేసే కారణం. రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం మళ్ళీ ఆగింది. సెన్సార్ ఎండకి వేడెక్కుతోందన్నాడు ఎలక్ట్రీషియన్. దాని మీద రేకు గొడుగు కట్టాం. మళ్ళీ ఆగింది.

ఇక్కడ నా తప్పు ఒకటి రాయాలి. మూడోసారి ఆగినప్పుడు నేను ట్రాక్ పొడుగునా నడవలేదు. సీసీటీవీలో ఎర్ర బండి మధ్య బ్రేకు మీద కనిపించింది, రీసెట్ చేసి నీలం బండిని పైకి పంపించేశాను. ఎర్ర బండి నిజంగానే అక్కడ ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ రాత్రి ఇంటికెళ్ళాక నిద్ర పట్టలేదు.

ఎందుకంటే ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ స్మైలర్ సంగతి తెలుసు. 2015 జూన్ 2న ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో స్మైలర్ అనే కోస్టర్ మీద ఖాళీగా పంపిన టెస్ట్ బండి పల్లంలో చిక్కుకుపోయింది. ఆ రోజు గాలి బలంగా ఉంది. కంట్రోల్ సిస్టమ్ తన పని తాను చేసింది, వెనక వస్తున్న 16 మంది ఉన్న బండిని లిఫ్ట్ మీద ఆపింది. ట్రాక్ మీద ఇంకో బండి కలిపిన సంగతి అక్కడి ఇంజనీర్లు గమనించలేదు. సిస్టమ్ ఊరికే ఆపిందనుకుని, దాని మాట పక్కన పెట్టి బండిని పంపించేశారు. ఆ గుద్దుడులో ఇద్దరు అమ్మాయిలకి కాళ్ళు తీసేయాల్సి వచ్చింది. మరుసటి ఏడు కోర్టు ఆ సంస్థకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. వాళ్ళు పనికిమాలినవాళ్ళు కాదు. యంత్రం ఊరికే ఆగిందనుకున్నారు, అంతే. నేను సీసీటీవీ చూసి నొక్కిన బటన్ కూడా అదే బటన్.

మర్నాడు ఆపరేషన్స్ మేనేజర్ వర్క్‌షాపుకి వచ్చాడు. పిల్లలకి సెలవులు, క్యూ గేటు దాకా ఉంది, మధ్యలో దించిన ప్రతివాళ్ళకీ డబ్బు వాపసు ఇవ్వాలి. "ఆ 30ని 33 చేస్తే పోదా?" అన్నాడు. తెలివితక్కువ ప్రశ్నేం కాదు. బండి ప్రతిసారీ చేరుతూనే ఉంది కదా అన్నది ఆయన వాదన. కానీ ఆ 30 కోస్టర్ తయారుచేసిన కంపెనీవాళ్ళు సరదాగా పెట్టిన అంకె కాదు. బండి అంతకంటే నెమ్మదిగా వస్తోందంటే, మూపురం మీద ఆగిపోయే స్థితికి దగ్గరపడుతోందని అర్థం. గడువు పెంచితే ఆలస్యం తగ్గదు, మనకి తెలియడం మానేస్తుంది. రాతపూర్వకంగా కంపెనీ ఒప్పుకుంటే చేస్తానన్నాను. ఆయనకి కోపం వచ్చింది. వారం రోజులు మాట్లాడలేదు.

లాగ్ బుక్ తెరిస్తే

మే 19 నాటికి మొత్తం ఏడుసార్లు ఆగింది. ఒక తెల్ల కాగితం మీద ఏడూ వరసగా రాశాను. టైమ్, ఎండ ఎంత, బండిలో ఎందరు, ఆగిన బండి ఏది. చివరి గడి నింపుతుంటే చెయ్యి ఆగింది. ఏడింటిలో ఆరుసార్లు ఆగింది నీలం బండే. అంటే ఆరుసార్లూ ఆలస్యమైంది ముందు పోయిన ఎర్ర బండి!

సెన్సార్ రెండు బండ్లకీ ఒకటే. తప్పు దాంట్లో ఉంటే రెండు రంగులూ ఇంచుమించు సమానంగా ఆగాలి. ఇంత చిన్న సంగతి మొదటి రోజే తట్టాల్సింది. ఆగిన బండి కళ్ళ ముందు ఉంటుంది, అందులో జనం అరుస్తుంటారు, అందరం అటు పరుగెత్తుతాం. ఆలస్యమైన బండి బుద్ధిమంతుడిలా ఇల్లు చేరి కూర్చుంటుంది. దాన్ని ఎవరూ అనుమానించరు.

ఎర్ర బండిలో కొత్త ఏముంది? ఏప్రిల్లో చక్రాలు మార్చాం. కోస్టర్ బండికి మూడు రకాల చక్రాలు. పైన బరువు మోసేవి, పక్కన పట్టుకునేవి, బండి పట్టా మీంచి లేవకుండా కింద ఉండేవి. ఈ కింది చక్రాలకి జాన్ మిల్లర్ అనే అమెరికన్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు. కొండ కొసల మీద సీట్లోంచి ఒళ్ళు తేలిపోతున్నా ఇప్పటికీ మనం ఎగిరిపోకపోవడం ఆయన పుణ్యమే. మా బండికి బరువు మోసే చక్రాలే 24. అల్యూమినియం హబ్ చుట్టూ పాలీయూరిథేన్, మేం పీయూ అంటాం. విదేశం నుంచి కొత్తవి రావడానికి నెలలు పడుతుందని, పాత హబ్‌లకే ఇక్కడ ఒక వర్క్‌షాపులో పీయూ పోయించాం. వచ్చినవాటిని తీసుకుని, వ్యాసం కొలిచి, సంతకం పెట్టింది నేనే. వ్యాసం అర మిల్లీమీటరు కూడా తేడా లేదు. గట్టిదనం మాత్రం కొలవలేదు.

ఆ సాయంత్రం పార్కు మూశాక గట్టిదనం కొలిచే డ్యూరోమీటర్ తెచ్చాం. జేబు గడియారమంత ఉంటుంది, సూది మొనని పీయూ మీద నొక్కితే ముల్లు తిరుగుతుంది. నీలం బండి చక్రాలు 92, 93 చూపించాయి. ఎర్ర బండివి 86, 87. స్పెసిఫికేషన్‌లో ఉన్నది 93. బొటనవేలి గోరుతో నొక్కి చూశాను. తెలిసినాక తేడా చేతికి కూడా తెలిసింది. మెత్తటి చక్రం బరువు కింద ఎక్కువ నలుగుతుంది, నలిగిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. మర్నాడు నాలుగు ట్రిప్పుల తర్వాత టెంపరేచర్ గన్ పెట్టి చూస్తే, ఎర్ర బండి చక్రాలు నీలం వాటికంటే 12 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉన్నాయి. ఆ వేడంతా మూపురం ఎక్కాల్సిన ఊపులోంచి దొంగిలించిందే.

దొంగ దొరికాడని సంబరపడ్డాం. కానీ లెక్క కుదరలేదు. చక్రాలు పొద్దున్నుంచీ అవే. మరి ఆరుసార్లూ ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్యే ఎందుకు ఆగింది? మామూలుగా ఎండ పెరిగేకొద్దీ కోస్టర్ వేగం పెరుగుతుంది. గ్రీజు పలచబడుతుంది, పీయూ చక్రం తేలిగ్గా దొర్లుతుంది. పొద్దున మొదటి ట్రిప్పే బద్ధకంగా ఉంటుంది. మాది తలకిందులుగా, ఎండ ముదిరాక నెమ్మదిస్తోంది.

జవాబు మా టెక్నీషియన్ కుర్రాడి నోట్లోంచి వచ్చింది. వాళ్ళది సముద్రం ఒడ్డున జాలర్ల కుప్పం, తండ్రి పడవ మీద వెళ్తాడు. ఆ రోజు 41 డిగ్రీలు. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఇంకా రానేలేదు, అప్పుడే ఈ ఎండ. సెన్సార్ వేడెక్కే సిద్ధాంతం నిజమైతే ఆ రోజు పదిసార్లు ఆగాలి. మధ్యాహ్నమంతా ఒక్కసారీ ఆగలేదు. నేను తల గోక్కుంటుంటే వాడు చెమట తుడుచుకుంటూ అన్నాడు: "ఇన్నిక్కి కడల్ కాత్తు వరల సార్." ఇవాళ సముద్రం గాలి రాలేదు అని.

చెన్నైలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. వేసవిలో పొద్దున పడమటి నుంచి నేల గాలి, మధ్యాహ్నానికి తూర్పు నుంచి సముద్రం గాలి. అది వచ్చిందంటే ఊరు ఊపిరి పీల్చుకుంటుంది, రాకపోతే కాల్చుకు తింటుంది. మా మూపురం ఎక్కే దారి సరిగ్గా సముద్రానికి ఎదురుగా ఉంది. స్థలం ఆకారాన్ని బట్టి అలా తిప్పి పెట్టారు. మాన్యువల్‌లో గాలి గురించి రూలు లేకపోలేదు, కానీ అది తుఫాను లాంటి గాలికి, ఎంత దాటితే రైడ్ మూసేయాలో చెప్పేది. గాలి ఏ దిక్కు నుంచి వస్తోందో ఆ రూలు అడగదు. గంటకు పాతిక కిలోమీటర్ల సముద్రం గాలి దాని దృష్టిలో గాలే కాదు.

గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్లతో పోయే బండికి 25 కిలోమీటర్ల గాలి ఎదురైతే, నిరోధం 1.7 రెట్లవుతుంది. పైగా గుట్టల మీద కోస్టర్‌కి ఒక గుణం ఉంది. కింద 90తో పోవాల్సిన బండి 89తో పోతే ఎవరికీ తెలియదు. కానీ అదే బండి మూపురం కొస మీద 27తో దాటాల్సింది 23 చిల్లరకి పడిపోతుంది. కింద పోయింది ఒకటి, పైన పోయింది మూడున్నర. ఎత్తు ఎక్కడానికి ఖర్చయ్యే శక్తి మారదు, మిగిలే చిల్లరలోంచే నష్టమంతా తీరాలి. నెల జీతంలో అద్దె, ఫీజులు పోయాక ఇరవై తొమ్మిదో తారీఖున వంద రూపాయలు తగ్గితే ఎలా ఉంటుందో అలా.

మూడోది జనం. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే అందరూ నీళ్ళ రైడ్లకి పోతారు. మా బండ్లు సగం ఖాళీగా తిరుగుతాయి. తేలిక బండికి, నిండు బండికి గాలి అడ్డు ఒకటే, తేలిక దానికి ఊపు తక్కువ.

మూడు రోజులు కుర్రాణ్ణి స్టేషన్ దగ్గర కూర్చోబెట్టి, ప్రతి ట్రిప్పు టైమూ రాయించాను. పార్కింగ్ జెండాలు ఎటు తిరిగాయో కూడా రాయమన్నాను. ఒక రోజు జెండాలు 12:40కి పడమటికి తిరిగాయి. అరగంటలో ఎర్ర బండి 28.2 నుంచి 29.5కి వచ్చింది. నీలం బండి 27.2 నుంచి 28.1కి. సుమారుగా లెక్కేస్తే మెత్తటి చక్రాలకి ఒక సెకను, వాటి మీద ఎదురుగాలికి ఒకటింబావు, సగం ఖాళీ బండికి అర సెకను. 27.2కి ఇవన్నీ కలిపితే 30. ఏ రెండు కలిసినా గడువు లోపలే ఉంటుంది. మూడూ ఒక్కచోట చేరేది సరిగ్గా ఒంటిగంటకీ నాలుగింటికీ మధ్యే.

ఏం చేశాం

పని మాత్రం చిన్నదే. ఎర్ర బండిని పక్కన పెట్టేశాం. సరైన చక్రాలు వచ్చేదాకా ఇరవై రెండు రోజులు నీలం బండి ఒక్కటే నడిచింది. ట్రాక్ మీద ఒకటే బండి ఉంటే వెనక లిఫ్ట్ మీద ఎవరూ చిక్కుకోరు. క్యూ రెట్టింపైంది, మేనేజర్ రోజూ నా వైపు ఒక చూపు చూసేవాడు. లిఫ్ట్ కొస మీద గాలి వేగంతో పాటు దిక్కు కూడా చూపే మీటరు పెట్టాం. తూర్పు గాలి గంటకు 20 కిలోమీటర్లు దాటితే బండిలో కనీసం 12 మంది ఉండాలి, చాలకపోతే క్యూలోంచి ఇంకొందరిని పిలుస్తారు. చక్రాలు వచ్చినప్పుడు వ్యాసంతో పాటు గట్టిదనం కూడా ప్రతి చక్రం మీద మూడు చోట్ల కొలిచి, అంకె హబ్ మీద పెయింట్ మార్కర్‌తో రాస్తాం. 30 సెకన్లని ముట్టుకోలేదు. లిఫ్ట్ ఆగితే ఇద్దరు ట్రాక్ నడిచి, రెండు బండ్లనీ కళ్ళతో చూసి, ఇద్దరూ సంతకం పెట్టాకే రీసెట్. మొదటి సంతకం నాదైనా రెండోది నాది కాకూడదు.

పీయూ పోసిన వర్క్‌షాపు తప్పు ఒప్పుకుందా అంటే, మా ఆర్డర్ కాగితంలో గట్టిదనం అంకె రాయలేదని చూపించారు. నిజమే, రాయలేదు. ఆ విషయంలో నాకు వాళ్ళ మీద కోపం లేదు.

ఎర్ర బండి జూన్‌లో తిరిగి వచ్చింది. ఖాళీగా, ఎదురుగాలిలో 28.7. మేనేజర్ ఆ అంకె చూసి, "మరి 30 సరిపోతుందన్నమాట" అన్నాడు. అది ఆయన క్షమాపణ అనుకుని టీ ఇప్పించాను.

ఒకటి మిగిలింది. ఏడింటిలో ఆరింటికే కారణం దొరికింది. మే 9న పొద్దున 10:40కి ఆగింది ఎర్ర బండి, ఆలస్యమైంది నీలం బండి. సముద్రం గాలి ఇంకా రాలేదు. బండి నిండా జనం. చక్రాలు సరైనవే. సిస్టమ్ రాసింది 30.2. మామూలుగా 27.2 వచ్చే బండికి మూడు సెకన్లు ఎక్కడ పోయాయి? బ్రేకు ప్యాడ్ రాసుకుందేమోనని గ్యాప్ కొలిచాం, సరిగ్గా ఉంది. బేరింగులు విప్పాం, పక్క చక్రాల టెన్షన్ చూశాం, ట్రాక్ మీద ఏమైనా పడిందేమోనని కెమెరా ఫుటేజ్ తిరగేశాం. ఏమీ తేలలేదు. అప్పటి నుంచి ప్రతి ట్రిప్పు టైమూ కంప్యూటర్లో రికార్డవుతోంది. నీలం బండి మళ్ళీ 29 దాటలేదు.

ఆడిట్‌కి ముందు ఆ వరసని సెన్సార్ లోపం కింద వేసెయ్యమని ఇద్దరు చెప్పారు. సెన్సార్ ఎలాగూ మార్చాం కదా, ఎవరికీ అనుమానం రాదన్నారు. ఆ గడిలో "కారణం తెలియలేదు" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను. ఆ వరస ఇంకా అలాగే ఉంది.